ఎనిమిది స్థానాలే చాలు

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఏఎఫ్ఎల్, 2025 నవంబరులో ఒక నిర్ణయం ప్రకటించింది. 2026 సీజన్ నుంచి ఫైనల్స్‌కు ఎనిమిది జట్లకు బదులు పది జట్లు వెళ్తాయి. పట్టికలో ఏడో జట్టు పదో జట్టుతో, ఎనిమిదో జట్టు తొమ్మిదో జట్టుతో ముందుగా ఒక మ్యాచ్ ఆడాలి. గెలిచిన రెండు జట్లూ అసలు ఫైనల్స్‌లో అడుగు పెడతాయి. దీనికి వైల్డ్‌కార్డ్ అని పేరు పెట్టారు. 2025లో తొమ్మిదో స్థానంలో ఆగిపోయి ఫైనల్స్ గుమ్మం దగ్గర నుంచి వెనక్కి తిరిగిన జట్టు వెస్టర్న్ బుల్‌డాగ్స్. అది నా జట్టు. ఈ పద్ధతి ఒక్క ఏడాది ముందే వచ్చి ఉంటే మొదట లాభపడేది మేమే. అయినా సరే, ఇది తప్పుడు నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నడిమి జట్లకు మేలు చేస్తున్నామని చెప్పి నడిమి జట్ల పోటీకే గండి కొడుతున్నారు.

నేను వరంగల్ నుంచి వచ్చి మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో స్థిరపడిన దాన్ని. ఫుట్‌స్క్రేలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ముందు ఇండియన్ కిరాణా కొట్టు తెలుస్తుంది, తర్వాత గుడి, ఆ తర్వాత క్రికెట్ క్లబ్బు. ఇక్కడివాళ్లు ఫుటీ అని పిలుచుకునే ఈ ఆట ఆఖరున, అదీ పిల్లల చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వస్తుంది. బళ్లో తోటిపిల్లలు ఏ టీమ్ అని అడిగితే జవాబు ఉండాలి కదా. మా ఇంట్లో మాత్రం ఇది ముందు నాకే పట్టుకుంది. షాపుకు దగ్గర్లోనే విట్టెన్ ఓవల్ మైదానం. బుల్‌డాగ్స్ క్లబ్బుకు పుట్టిల్లు అది. మందుల చీటీ పట్టుకుని వచ్చే పెద్దవాళ్లు తమ బీపీ ఎంతో చెప్పే ముందు శనివారం మ్యాచ్‌లో ఏం జరిగిందో చెబుతారు. వాళ్ల మాటలు వినగా వినగా నేనూ ఆ జట్టు మనిషినయ్యాను. మావారు ఆఫీసు స్నేహితుల వెంట కార్ల్‌టన్ జట్టు వైపు వెళ్లారు. ఆగస్టు నెల వస్తే మా ఇంట్లో రెండు పట్టికలు, రెండు లెక్కలు.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. కోలగా ఉండే మైదానం, కోలగా ఉండే బంతి, ఒక్కో జట్టులో 18 మంది. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలుంటాయి. నడుమ ఉన్న రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభం వైపు నుంచి పోతే బిహైండ్, 1 పాయింటు. లీగ్‌లో 18 జట్లున్నాయి, ఒక్కో జట్టు సీజన్‌లో 23 మ్యాచ్‌లు ఆడుతుంది. గెలిస్తే 4 పాయింట్లు, సమమైతే 2. మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లు ఫైనల్స్ తొలి వారం ఓడినా మళ్లీ అవకాశం ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్లు ఓడితే ఇంటికే. 1994 నుంచి 2025 దాకా ఫైనల్స్‌కు ఎనిమిది జట్లే వెళ్లాయి.

పట్టికలో పాయింట్లు సమానమైతే శాతం చూస్తారు. సీజన్ మొత్తంలో తాము చేసిన పాయింట్లను ఎదుటివాళ్లకు ఇచ్చిన పాయింట్లతో భాగించి, వందతో గుణిస్తే ఆ శాతం వస్తుంది. మన ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ చేసే పనే ఇక్కడ ఇది చేస్తుంది. 2019 సీజన్ గుర్తు చేసుకోండి. సన్‌రైజర్స్ హైదరాబాద్, కోల్‌కతా, పంజాబ్ మూడూ 12 పాయింట్ల దగ్గరే ఆగాయి. నెట్ రన్ రేట్ పుణ్యమా అని సన్‌రైజర్స్ నాలుగో స్థానం దక్కించుకుని విశాఖపట్నంలో ఎలిమినేటర్ ఆడింది. అక్కడ ఢిల్లీ చేతిలో ఓడింది, అది వేరే సంగతి. ఆ నాలుగో చోటు కోసం చివరి లీగ్ మ్యాచ్ దాకా ఎంతమంది కాగితం మీద లెక్కలు కట్టారో హైదరాబాద్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఐదో జట్టుకు, ఆరో జట్టుకు కూడా చోటుందంటే ఆ లెక్క ఎవరు కట్టేవారు?

మా షాపుకు నెలనెలా వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు. 1954లో బుల్‌డాగ్స్ మొట్టమొదటి కప్పు గెలిచినప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని మ్యాచ్ చూశానని చెబుతారు. ఆగస్టు వచ్చిందంటే ఆవిడ చేతిసంచిలో మందుల చీటీతో పాటు మడత పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. అందులో ఆరు నుంచి పన్నెండు దాకా ఉన్న జట్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన మిగిలిన మ్యాచ్‌లు, అవి సొంత మైదానంలోనా బయటా అన్నది, చివర్న శాతం దశాంశంతో సహా. అన్నీ పెన్సిల్‌తోనే. ప్రతి వారం తుడిచి మళ్లీ రాయడం వల్ల ఆ కాగితం నడుమ పలచబడి, ఒకసారి కౌంటర్ మీద విప్పుతుంటే మడత దగ్గర చిరిగింది. మాత్రల డబ్బాల మీద అంటించే ఖాళీ లేబుల్ ఒకటి తీసి వెనక అంటించి ఇచ్చాను. ఆవిడ దాని మీద కూడా అంకెలు వేశారు.

మొదటి నాలుగు జట్లు ఆ కాగితంలో ఉండవు. అడుగున ఉన్నవాళ్లూ ఉండరు. వాళ్ల సంగతి అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఎటూ తేలని నడిమి జట్ల కోసమే ఆ పెన్సిలు. మన జట్టు ఆడని మ్యాచ్ కూడా మన మ్యాచ్ అయిపోయేది ఆ నెలలోనే. ఎక్కడో పెర్త్‌లో ఫ్రీమాంటిల్ ఓడాలని, అడిలైడ్‌లో పోర్ట్ అడిలైడ్ గెలవాలని, ఎప్పుడూ గిట్టని జట్టుకు ఆ ఒక్క మధ్యాహ్నం చప్పట్లు కొట్టాలని అనిపిస్తుంది. అటు ఎనిమిది, ఇటు తొమ్మిది, వాటి మధ్య ఒక గీత. ఆ గీత ఉండబట్టే ఇదంతా.

నడిమి జట్టు బతుకు కష్టమైనది. అడుగున ఉంటే కనీసం కొత్త ఆటగాళ్లను పంచే డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాణ్ణి ముందుగా ఎంచుకునే హక్కు వస్తుంది, ఎందుకంటే ఆఖరి స్థానం జట్టుకే మొదటి ఎంపిక. పైన ఉంటే కప్పు మీద ఆశ ఉంటుంది. తొమ్మిదో స్థానంలో ఆగినవాళ్లకు అదీ లేదు, ఇదీ లేదు. రిచ్‌మండ్ అభిమానులకు ఈ బాధ బాగా తెలుసు. 1994, 1996, 1998, 2000, 2006, 2008 సంవత్సరాల్లో ఆ జట్టు సరిగ్గా తొమ్మిదో స్థానంలో నిలిచింది. అయితే అదే రిచ్‌మండ్ 2014లో ఏం చేసిందో చూడండి. 3 గెలుపులు, 10 ఓటములతో సీజన్ ముగిసిపోయిందని అందరూ అనుకున్నాక వరసగా 9 మ్యాచ్‌లు గెలిచింది. ఆఖరిది సిడ్నీలో, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న సిడ్నీ స్వాన్స్ మీద, 3 పాయింట్ల తేడాతో. అలా ఎనిమిదో స్థానం పట్టింది. మరుసటి వారం పోర్ట్ అడిలైడ్ చేతిలో చిత్తుగా ఓడింది. కానీ ఆ తొమ్మిది వారాలను రిచ్‌మండ్ మనుషులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పదో స్థానమే చాలనుకుంటే ఆ ఆఖరి మ్యాచ్‌లో అంత పట్టు ఉండేదా?

2022 ఆఖరి ఆదివారం గురించి చెప్పాలి. మావారికి ఇప్పటికీ ఆ మాటెత్తితే నచ్చదు. కార్ల్‌టన్ ఆ ఏడాది మొదటి 10 మ్యాచ్‌ల్లో 8 గెలిచింది. 2013 తర్వాత మొదటిసారి ఫైనల్స్ ఖాయమని వాళ్లంతా సంబరపడ్డారు. తర్వాత జారుతూ వచ్చి, ఆఖరి రౌండ్‌లో కాలింగ్‌వుడ్ మీద గెలిస్తే తప్ప కుదరదన్న పరిస్థితి తెచ్చుకుంది. బుల్‌డాగ్స్ ఆ మధ్యాహ్నమే టాస్మానియాలోని లాన్సెస్టన్‌లో హాథార్న్‌ను ఓడించి తన పని పూర్తి చేసింది. ఇక కార్ల్‌టన్ ఓడాలి. మా హాల్లో సోఫాకు ఆ చివర మావారు, ఈ చివర నేను. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, అంటే ఎంసీజీలో, దాదాపు 88 వేల మంది. కార్ల్‌టన్ ఇరవై పాయింట్లకు పైగా ముందున్నప్పుడు నేను లేచి వెళ్లి రాత్రి వంటకు బియ్యం కడగడం మొదలుపెట్టాను. చివరి క్వార్టర్‌లో కాలింగ్‌వుడ్ ఒక్కో గోల్ తిరిగి లాక్కుంటూ వచ్చింది. జేమీ ఎలియట్ గోల్‌తో ముందుకు వెళ్లింది. 75–74. ఒక్క పాయింటు. రెండు జట్లకూ 12 గెలుపులు, 10 ఓటములు. శాతంలో తేడా 0.6. మా జట్టు లోపలికి, ఆయన జట్టు బయటికి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

వైల్డ్‌కార్డ్ ఉండి ఉంటే ఆ రోజు కార్ల్‌టన్‌కు కూడా ఫైనల్స్ దక్కేవని మావారి వాదన. నిజమే, దక్కేవి. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. మరుసటి ఏడాది, 2023లో, కార్ల్‌టన్ 13 మ్యాచ్‌లయ్యేసరికి 4 గెలిచి 8 ఓడింది, ఒకటి సమం. అక్కడ నుంచి వరసగా 9 గెలిచి ఐదో స్థానానికి వచ్చింది. ఫైనల్స్‌లో సిడ్నీని 6 పాయింట్లతో, మెల్‌బోర్న్‌ను 2 పాయింట్లతో ఓడించింది. 0.6 శాతంతో గుమ్మం బయట నిలబడ్డ జట్టు మరుసటి ఏడాది ఒక్క పాయింటు కోసం ఎంత దూరమైనా పరిగెత్తింది. వాళ్లు కష్టపడి సంపాదించుకున్నది అది. ఎవరో తలుపు వెడల్పు చేస్తే వచ్చింది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వైల్డ్‌కార్డ్ వల్ల తొమ్మిది, పది స్థానాలకు ఏం వచ్చిందన్నదే అందరూ మాట్లాడుతున్నారు. ఏడు, ఎనిమిది స్థానాల నుంచి ఏం పోయిందో ఎవరూ అనడం లేదు.

2015లో నార్త్ మెల్‌బోర్న్, ఫ్రీమాంటిల్ తమ స్థానాలు ఖాయమయ్యాక ఆఖరి రౌండ్‌లో ముఖ్యమైన ఆటగాళ్లను చాలామందిని కూర్చోబెట్టాయి. పెద్ద గొడవైంది. దాంతో 2016 నుంచి లీగ్ ఆఖరి రౌండ్‌కు, ఫైనల్స్‌కు మధ్య ఒక వారం ఖాళీ పెట్టింది. అందరికీ విశ్రాంతి దొరుకుతుంది కాబట్టి ఎవరూ ఆటగాళ్లను దాచుకోనక్కర్లేదన్నది ఉద్దేశం. ఆ ఖాళీ వారం వల్ల అందరికంటే ఎక్కువ బాగుపడింది 2016 బుల్‌డాగ్స్.

ఆ ఏడాది మా జట్టు 15 గెలుపులతో ఏడో స్థానంలో నిలిచింది. సీజన్ నిండా దెబ్బలే. కెప్టెన్ బాబ్ మర్ఫీకి మూడో రౌండ్‌లోనే మోకాలు పోయింది. మిచ్ వాలిస్ కాలు విరిగింది. ఆ ఖాళీ వారంలో ఈస్టన్ వుడ్, టామ్ లిబరటోరి, జాక్ మక్రే లాంటి వాళ్లు కోలుకుని తిరిగి వచ్చారు. పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ను 47 పాయింట్లతో ఓడించారు. వరసగా మూడేళ్లు కప్పు కొట్టిన హాథార్న్‌ను 23తో ఓడించారు. గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీని వాళ్ల ఇలాకాలోనే 6తో ఓడించారు. అక్టోబరు 1న ఎంసీజీలో సిడ్నీ స్వాన్స్ మీద 89–67. 1954 తర్వాత మళ్లీ కప్పు, 62 ఏళ్లకు. ఏడో స్థానం నుంచి వచ్చి కప్పు గెలిచిన జట్టు అంతకు ముందు లేదు, 2025 దాకా ఆ తర్వాతా లేదు. వేదిక మీద కోచ్ లూక్ బెవరిడ్జ్ తన పతకం తీసి, గాయంతో ఆ మ్యాచ్ ఆడలేకపోయిన మర్ఫీ మెడలో వేశాడు. మర్నాడు విట్టెన్ ఓవల్ వైపు కదిలిన జనాన్ని చూశాను. చక్రాల కుర్చీల్లో వచ్చిన వాళ్లున్నారు, చనిపోయిన తల్లిదండ్రుల స్కార్ఫులు మెడలో వేసుకుని వచ్చినవాళ్లున్నారు. ఆ వారమంతా మా షాపులో మందులు తీసుకున్న మనుషులు చెప్పుకుంటూ ఏడ్చారు.

ఇప్పుడు అదే 2016కు కొత్త నియమం పెట్టి చూడండి. ఆ ఖాళీ వారంలో బుల్‌డాగ్స్‌కు విశ్రాంతి ఉండదు. పదో స్థానంలో ఉన్న పోర్ట్ అడిలైడ్‌తో ఆడాలి. పోర్ట్ ఆ ఏడాది 10 గెలిచి 12 ఓడింది. 15 గెలిచిన జట్టు 10 గెలిచిన జట్టుతో మళ్లీ తన స్థానం కోసం పోరాడాలన్నమాట. అదీ గాయపడ్డవాళ్లు ఇంకా మంచం మీద ఉండగా. గెలిచినా మరుసటి వారం పెర్త్ విమానం ఎక్కాలి. అటు వెస్ట్ కోస్ట్ మాత్రం హాయిగా వారం రోజులు విశ్రాంతి తీసుకుని ఎదురుచూస్తుంది. నాలుగు మ్యాచ్‌ల బదులు ఐదు గెలిస్తే తప్ప కప్పు రాదు. నడిమి జట్లకు తలుపు తీశామంటున్న నియమం, ఏడో స్థానం నుంచి కప్పు దాకా వెళ్లిన ఏకైక జట్టు దారినే మూసేస్తోంది. ఇది నాకు ఏమాత్రం మింగుడు పడదు.

2025 సంగతి కూడా చెప్పనివ్వండి. ఆఖరి రౌండ్‌లో మార్వెల్ స్టేడియంలో బుల్‌డాగ్స్‌కు, ఫ్రీమాంటిల్‌కు మ్యాచ్. గెలిచినవాళ్లు ఫైనల్స్‌కు. టార్నీట్‌లో రైలెక్కి సదర్న్ క్రాస్ స్టేషన్‌లో దిగి వంతెన దాటితే స్టేడియమే. బోగీ నిండా ఎరుపు, తెలుపు, నీలం స్కార్ఫులు, మధ్యలో ఊదారంగు స్కార్ఫులు కట్టుకున్న ఫ్రీమాంటిల్ కుటుంబం ఒకటి. మా అమ్మాయి వాళ్లకు చోటిచ్చింది. మ్యాచ్ ఓడిపోయాం. అప్పటికి మాకు 14 గెలుపులు, శాతం 130కి పైన. అయినా ఇంకో ఆశ మిగిలే ఉంది. మార్చిలో ఆల్ఫ్రెడ్ తుపాను వల్ల వాయిదా పడిన గోల్డ్ కోస్ట్, ఎసెండన్ మ్యాచ్‌ను ఆ తర్వాతి బుధవారానికి పెట్టారు. అందులో ఎసెండన్ గెలిస్తే మేం లోపలికి వస్తాం. అడుగున ఉన్న ఎసెండన్ గెలవాలని ఫుట్‌స్క్రే అంతా కోరుకున్న బుధవారం అది. గోల్డ్ కోస్ట్ భారీ తేడాతో గెలిచింది. "అమ్మా, పద్నాలుగు గెలిచినా చాలదా?" అని మా అమ్మాయి అడిగింది. ఈసారి చాలలేదు తల్లీ, అన్నాను.

ఎందుకు చాలలేదో తనకే అర్థమైంది. తమకంటే పైనున్న జట్లతో ఆడిన మ్యాచ్‌ల్లో చాలావరకు మా జట్టు ఓడింది. శాతం అంత పెరిగింది బలహీనుల మీద. అటు గోల్డ్ కోస్ట్ 2011లో లీగ్‌లోకి వచ్చిన జట్టు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఫైనల్స్ ఆడలేదు. 15 గెలుపులతో ఏడో స్థానంలో వచ్చి, పెర్త్ వెళ్లి ఫ్రీమాంటిల్ మీద ఒక్క పాయింటుతో గెలిచింది. ఆ ఆఖరి పాయింటు చేసింది డేవిడ్ స్వాలో, తొలి సీజన్ నుంచీ అదే క్లబ్బులో ఉన్న మనిషి. ఆ రాత్రి నేను నా జట్టు బాధ మర్చిపోయి చప్పట్లు కొట్టాను. కొత్త నియమం ప్రకారం అయితే గోల్డ్ కోస్ట్ ముందు 12 గెలుపుల సిడ్నీని దాటి రావాలి. పదిహేనేళ్ల నిరీక్షణ తర్వాత వచ్చిన స్థానాన్ని కూడా మళ్లీ రుజువు చేసుకోవాలనడం ఏం న్యాయం?

వైల్డ్‌కార్డ్ కావాలనేవాళ్లు చెప్పే పెద్ద కారణం ఒకటుంది. పది స్థానాలుంటే ఎక్కువ జట్లకు ఆఖరి దాకా ఆశ ఉంటుంది, ఆగస్టులో ఉత్త మ్యాచ్‌లు తగ్గుతాయి. వినడానికి బాగానే ఉంటుంది. 2025 పట్టిక తీసి చూడండి. పదో స్థానంలో సిడ్నీకి 12 గెలుపులు. పదకొండో స్థానంలో కార్ల్‌టన్‌కు 9. మూడు మ్యాచ్‌ల తేడా. పది స్థానాలిచ్చినా ఆ ఏడాది కింది జట్లలో ఒక్కదానికీ కొత్తగా ఆశ పుట్టేది కాదు. పైగా ఎనిమిదే ఉన్నప్పుడు బుల్‌డాగ్స్, ఫ్రీమాంటిల్ మ్యాచ్‌కు అంత పట్టు ఉంది. పది ఉండి ఉంటే ఆ రెండు జట్లూ ముందే లోపల ఉండేవి. ఉన్న ఉత్కంఠ పోయేది, కొత్తది వచ్చేది కాదు.

ఎనిమిది స్థానాలతోనే ఆశకు కొదవ లేదు. 2024లో హాథార్న్ మొదటి 5 మ్యాచ్‌లూ ఓడింది, అయినా ఏడో స్థానంలో నిలిచింది. అదే ఏడాది ఆఖరి రౌండ్‌లో కార్ల్‌టన్ 2 పాయింట్లతో సెయింట్ కిల్డా చేతిలో ఓడి, తన చేతిలో ఏమీ లేక ఫ్రీమాంటిల్ మ్యాచ్ కోసం ఎదురుచూసింది. పెర్త్‌లో ఫ్రీమాంటిల్ కూడా ఓడడంతో ఎనిమిదో స్థానం దక్కింది. మావారు ఆ రాత్రి నాకు కూడా స్వీట్లు తెచ్చారు.

ఇంకో వాదన మ్యాచ్‌ల పంపకం గురించి. ఒక్కో జట్టు మిగతా 17 జట్లతో ఒక్కోసారి ఆడి, వాటిలో 6 జట్లతో రెండోసారి ఆడుతుంది. ఎవరికి బలమైన ఆరు వస్తాయో, ఎవరికి బలహీనమైన ఆరు వస్తాయో అందరికీ సమానంగా ఉండదు. ఇది నిజమైన సమస్య, నేనూ ఒప్పుకుంటాను. కానీ రోగం ఒకచోట, మందు ఇంకొకచోట. పంపకంలో లోపముంటే పంపకం సరిచేయాలి. 2023లో అడిలైడ్‌కు జరిగిన అన్యాయం కూడా ఇలాగే చెబుతారు. సిడ్నీ మీద ఆఖరి నిమిషాల్లో బెన్ కీస్ కొట్టిన గోల్‌ను గోల్ అంపైర్ బిహైండ్ అన్నాడు. అడిలైడ్ 1 పాయింటుతో ఓడింది, ఫైనల్స్ పోయాయి. అది తప్పేనని లీగ్ పెద్దలే మర్నాడు ఒప్పుకున్నారు. అంపైర్ తప్పుకు మందు కెమెరా. రెండు స్థానాలు పెంచితే అదే తప్పు రేపు పదో జట్టుకు, పదకొండో జట్టుకు మధ్య జరుగుతుంది, అంతే తేడా.

మావారు ఎప్పుడూ 2013 ఎత్తుతారు. ఎసెండన్‌ను సప్లిమెంట్ల వ్యవహారంలో ఫైనల్స్ నుంచి వెలివేస్తే, 11 గెలిచి 11 ఓడి తొమ్మిదో స్థానంలో ఉన్న కార్ల్‌టన్‌కు చోటు దొరికింది. ఎంసీజీలో 15 గెలుపుల రిచ్‌మండ్‌ను ఓడించింది. చూశావా, తొమ్మిదోవాళ్లు కూడా సమర్థులే అంటారు. ఒక్క రోజు ఎవరైనా ఎవరినైనా ఓడించగలరు, అందులో సందేహం లేదు. ఆ ఒక్క రోజు కంటే 23 మ్యాచ్‌ల కష్టం బరువైనదన్న నమ్మకం మీదే పట్టిక నిలబడింది. పద్దెనిమిదింటిలో పది, అంటే సగం కంటే ఎక్కువ జట్లు లోపలే ఉంటే ఆ పట్టికకు ఏం విలువ మిగులుతుంది?

డబ్బు మాట కూడా దాచక్కర్లేదు. ఏఎఫ్ఎల్‌కు సెవెన్, ఫాక్స్‌టెల్ సంస్థలతో 2025 నుంచి 2031 దాకా 4.5 బిలియన్ ఆస్ట్రేలియా డాలర్ల ప్రసార ఒప్పందం ఉంది. ఇంతవరకూ మ్యాచే లేని వారంలో ఇప్పుడు రెండు ఫైనల్స్ మ్యాచ్‌లొస్తాయి. అవి టీవీకి అవసరం, సరే. కానీ ఆ అవసరాన్ని నడిమి జట్ల మీద దయలాగా చెప్పడం నాకు నచ్చలేదు.

2028లో టాస్మానియా జట్టు రాబోతోంది, జట్లు 19 అవుతాయి. అప్పుడు లెక్క మళ్లీ చూడొచ్చు. ఈలోగా ఒక అదనపు మ్యాచ్ పెట్టి తీరాలంటే, ఎనిమిదో జట్టుతో పాయింట్లు సమానమై శాతం మీద మాత్రమే వెనకబడ్డ జట్టుకు ఆ మ్యాచ్ ఇవ్వండి. 2022లో కార్ల్‌టన్‌కు అది దక్కేది, మావారికి ఆ ఆదివారం మనస్తాపం తప్పేది. 2025లో మా బుల్‌డాగ్స్‌కు దక్కేది కాదు, దక్కకూడదు కూడా. మేం 14 గెలిచాం, ఎనిమిదో జట్టు 15 గెలిచింది.

మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో, పెర్త్‌లో, అడిలైడ్‌లో ఫుటీ క్లబ్బుల సభ్యత్వం తీసుకున్న తెలుగువాళ్లు ఏటా పెరుగుతున్నారు. క్లబ్బులు సభ్యుల అభిప్రాయం అడుగుతూ ఈమెయిల్ పంపినప్పుడు మనవాళ్లలో చాలామంది అది మన పని కాదని వదిలేస్తారు. వదలకండి. మీరు డబ్బు కట్టిన సభ్యులు, మీ పిల్లలు ఆ జట్టు చొక్కా వేసుకుని బడికి వెళ్తున్నారు. మీ అభిప్రాయం నాకు వ్యతిరేకమైనా సరే, రాసి పంపండి. నాతో ఏకీభవిస్తే మాత్రం ఒక్క వాక్యం చాలు: ఏడో జట్టుకు, ఎనిమిదో జట్టుకు వాళ్ల విశ్రాంతి వారం తిరిగి ఇవ్వండి.